రెండు బుక్కలు

పాలమూరు పెద్ద దవాఖానల
ఆడోళ్ల వార్డు, పదిహేడో మంచం.
మంచానికి నెంబరుంది, నాకు పేరుంది:
మొగులమ్మ.
మొదటి రోజే చెప్పిన నర్సమ్మకు,
"పదిహేడూ" అని పిలువకు బిడ్డా,
నా పేరు పిలిస్తె నీ నోరేం నొయ్యదు.

పిత్తసంచిల రాళ్లంట.
నలభై ఏండ్లు మేస్త్రీల ఎంబడి తిరిగి
ఊరోళ్ల పునాదులల్ల పోసిన కంకర
నా కడుపులకెట్ల వచ్చిందని నవ్విన.
నవ్వితె గుచ్చింది.

తలుపెనుక గోడకు ఒక బోర్డుంది.
దాని ముంగట స్ట్రెచర్ నిలబెట్టిండ్రు,
సగమే కనబడ్తది.
పక్క మంచం కౌసర్ బీ మనుమరాలు,
ఏడో తరగతి, స్ట్రెచర్ అవుతలికి నూకి
ఏలు పెట్టి చదివింది:
"మీ జబ్బు గురించి తెలుసుకునే హక్కు మీకు ఉంది."
"మీ రిపోర్టులు మీరు అడగవచ్చు."
"చికిత్సకు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం."
కిందికి ఇంకేందో ఉంది గాని
దాని మీద అంబులెన్సోళ్ల స్టిక్కరు అతికి ఉంది.
గంత చాలు తియ్ అన్న.

తెల్లారి ఆపరేషననంగ
సందెకాడ వచ్చిండు చిన్న డాక్టరు.
మూతి మీద మీసం ఇంక ఖాయం కాలే.
సంకల అట్ట, అట్ట మీద కాగితం,
చేతిల సిరాడబ్బ.
"ఏలిముద్ర ఎయ్యమ్మా."

ఈ బొటనేలు సంగతి నాకెరుకే సారూ.
బడేపల్లి మార్కెట్ల పల్లికాయ అడితిల
మా నాయన ఏసిన ఒక్క ముద్ర
ఎకరంనర చెల్కను మింగింది.
అప్పటిసంది మా ఇంట్ల ఏ ఏలూ
తెలువనిదాని మీద వాలదు.
"ఏం కోస్తవు? ఎంత కోస్తవు?
ఏమన్న తప్పితె ఏం చేస్తవు?
కొయ్యకుంటె ఏమైతది?"

గడియారం చూసుకున్నడు.
ఇంక ఎనిమిది మంచాలున్నయన్నడు.
నేను పిడికిలి ముడుసుకున్న.
కసురుతడనుకున్న, కసరలే.
ఇంకో కాగితం తీసి బొమ్మ గీసిండు.
కాలేయం అన్నడు.
కార్జమా? అన్న.
కార్జమే అన్నడు.
దాని కింద గుత్తి వంకాయంత సంచి,
సంచిల సుక్కలు సుక్కలు నా రాళ్లు.
నాలుగు బొక్కలు పెడ్తం, కుదరకుంటె పెద్దగ కోస్తం,
శానా తక్కువ మందికి లోపట పైత్యం కారుతది,
గట్లయితె మల్ల తెరవాలె.
దాచకుండ చెప్పిండు.
అరవై ఏండ్లల్ల నా ఒంట్ల ఏముందో
నాకు గీసి చూపిన మనిషి ఇంకొకడు లేడు.
అప్పుడు ఏసిన ముద్ర. నిండుగ,
గీతలన్ని పడేటట్టు.

రాత్రి పది దాటినంక నీళ్లు సుత ముట్టొద్దని
రెండుసార్లు చెప్పి పోయిండు.

తెల్లారగట్ల కోయిలకొండ బస్సుకు అక్క దిగింది.
మూటల జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం.
"ఉత్త కడుపుతోని కత్తికింద పండుతవానే?"
రెండు బుక్కలు.
అంతే. రెండే బుక్కలు.
మూతి తుడుసుకుని కొంగు సదురుకున్న.

పొద్దుగాల అదే పిల్లగాడు,
కండ్లు ఎర్రగ, నిద్ర లేనట్టుంది.
"ఏమన్న తిన్నవా అమ్మా?"
అక్క కన్ను గీటింది.
"లే" అని నాలిక కొసకు వచ్చింది.
అప్పుడు యాదికొచ్చింది ఆ బొమ్మ,
నాకు దాచకుండ చెప్పిన పైత్యం.
నిజం ఒక దిక్కే పెట్టి జోకితె
అది తూకమెట్లయితది?
అడితి దందా అయితది.
"తిన్న సారూ. రొట్టె. రెండు బుక్కలు.
ఇంకోటి, మీరిచ్చిన షుగర్ గోలీలు
వారం సంది పోపుడబ్బల పడ్తున్నయి,
కడుపుల కాదు."

తల పట్టుకున్నడు.
మత్తు డాక్టరమ్మ గట్టిగనే తిట్టింది.
మత్తుల ఉన్నప్పుడు ఆ రొట్టె
ఊపిరిగొట్టంల పడితె ఎట్లనే? అన్నది.
పడ్డ. ఆ తిట్లు నావే, ఇంకెవలకిస్త?

నా వంతు శుక్రారానికి పోయింది.
నా తావుల
వరండల చాప మీద నాలుగొద్దులసంది మూలిగే
దేవరకద్ర ఉశమ్మను తీస్కపోయిండ్రు.
పోతపోత నా చెయ్యి ఒత్తి మొక్కింది.
నేను చేసిన తప్పుకు
నాకు మొక్కుడేందో.

పగటీలి ఏం తోచక
బోర్డు కాడికి పోయి
నీళ్లు సల్లి గోటితోని గీకిన.
స్టిక్కరు సగమే ఊడింది.
పిల్ల కూడబలుక్కుంట చదివింది:
"...దాచకుండా డాక్టరుకు..."
మిగిలినదానికి
అంబులెన్సు నెంబరు అడ్డముంది.