చిల్లర, చిల్లులు

డిండిలో మా బస్సు పన్నెండు నిమిషాలు ఆగుతది.
డ్రైవర్ మల్సూరు ఛాయ్‌కు దిగుతడు,
నేను తోలు సంచిలకెల్లి
పచ్చ దారం ఉండ తీస్త.

సంచి ఇప్పుడు తేలికైంది.
ఒకప్పుడు రూపాయి బిళ్లలు, అయిదు బిళ్లలు
కుడి భుజం మీద గాడి కొట్టిపోయినయి.
ఇప్పుడు ఆడోళ్లందరికీ జీరో టికెట్.
చిల్లర కోసం కొట్లాట లేదు,
టికెట్ ఎనక పెన్నుతోని రాసిచ్చే బాకీ లేదు.
చిల్లర ఉన్న జాగల దారం పెట్టుకున్న.
డిపోల అందరికీ ఎరుకే, ఎరుక లేనట్టుంటరు.
కంట్రోలర్ బిడ్డ ఫోను సంచి
నేను అల్లిందే మరి.

క్రోషా నేర్పింది ఖుర్షీద్ ఆపా.
దేవరకొండ ఖిలా కింది సందుల కూసొని
నమాజు టోపీలు అల్లేది, ఒక్కోటి అరవై రూపాలకు.
"ఏకీచ్ సూయి, ఏకీచ్ ధాగా" అనేది.
జరసేపాగి, పాన్ నమిలే నోటితోని తెలుగుల:
"నువ్వు చేసేది చిల్లు, బేటా.
దారం ఉత్తగ దాని సుట్టూ తిరుగుతది."
నాకు సమజ్ కాలె.
టోపీని బల్బుకు అడ్డం పట్టి చూపిచ్చింది.
గోడ నిండ చుక్కలు.

సోమవారం సోమవారం తండా మూల మీద
కేస్లీ ఎక్కుతది, షుగరు గోలీల కోసం దవాఖానకు.
రవికలకెల్లి ఆధార్ తీస్తది.
చెమటకు ఫొటోల మొకం మాసిపోయింది,
నంబరు మాత్రం గట్టిగుంది.
నా మొదటి పర్సు ఆమెకే అల్లిన,
కార్డంత కొలత, మెడలేసుకునే తాడు.
తీసుకున్నది. మాట లేదు, ముచ్చట లేదు.
మల్ల సోమవారం చూస్తే
పర్సు నడుమ అద్దం బిళ్ల,
సుట్టూ ఎర్ర దారం, మూడు గవ్వలు.
నా పచ్చ దారం ఎక్కడ్నో అడుగుకు పడ్డది.
కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
టికెట్ కొట్టుకుంట వంగితే
ఆ అద్దంల నా నోట్ల విజిల్ కనవడ్డది.
ఇగ నవ్వొచ్చింది.

శాలువ మాత్రం నాది, ఎవ్వలకియ్య.
పొద్దుగాల నాలుగున్నర బస్సుల
అద్దం సగమే మూసుకునే సీటు నాది.
జీతం పడ్డ నెలకొక వరుస.
చెల్లె పురుడు నెల గులాబి,
బోరు ఎండిన నెల ఇటుక రంగు,
లాక్‌డౌన్ల సగం జీతానికి సగం వరుస.
అందుకే ఒక అంచు వంకర పోయింది.
నా అల్లిక తప్పనుకుంటరు.

యాభై రెండు దినాల సమ్మెకు
ఏం అల్లాల్నో తోచలె.
డిపో గేటు ముంగట టెంటుల కూసొని
దారానికి పైసల్లేక
అమ్ముడుపోని పర్సులు విప్పుకుంట
వట్టి గొలుసు కుట్టే అల్లుకుంట పోయిన,
రెండు వరుసలు,
బొటనేలు దూరేంత సందులు.
నా పక్కన కూసున్న లింగస్వామి
మల్ల డ్యూటీ ఎక్కలె.
ఆ సంగతి ఈడ చెప్ప.

చూసినోళ్లంత ఆ రెండు వరుసలే పట్టుకుంటరు.
"ఈ డిజైన్ మస్తుంది, నాకొకటి అల్లవా" అంటరు,
"ఎంతకిస్తవ్" అంటరు.
చలికాలం గాలి ఆడికెల్లే దూరుతది,
సక్కగ భుజం మీది గాడిలకు.
ఆపా బతికుంటే అడుగుదును,
నువ్వు చెప్పిన చిల్లు ఇదేనా అని.

ఇయ్యాల కేస్లీ నా పక్కనే కూసున్నది.
అడగకుండనే శాలువ ఒళ్లెకు గుంజుకున్నది,
మురికి గోరుతోని వరుసలు దాటుకుంట దాటుకుంట
ఆ సందుల కాడ ఆగింది.
"ఈడ అద్దాలు కుట్టాల్నా?"
వద్దన్న.
ఎందుకని అడగలె.
ఒక సందును కంటికి ఆనిచ్చుకొని
డిండి నీళ్ల దిక్కు చూసింది, శానా సేపు,
ఒక కన్ను మూసి, చిన్నపోరి లెక్క.

మల్సూరు హారన్ కొట్టిండు.
కొస కుట్టు ఊడకుండ పిన్నీసు పెట్టిన,
సూదిని టికెట్ మిషన్ పక్కకు దోపిన.
రేపు ఒకటో తారీఖు.
ఏ రంగో ఇంక అనుకోలె.
రైట్, రైట్.