ఎన్ని వాట్లు కావాలమ్మా

యశ్వంతపురం షోరూములో కుర్రాడు అడిగినాడు,
"మీ ఇల్లు ఎన్ని చదరపడుగులమ్మా?"
నాలుగు వందల ఎనభై, అన్నాను.
నన్ను చూడకుండా కాలిక్యులేటర్ని చూసినాడు.
రెండు వేల వాట్లది, నూనె నింపింది,
చక్రాలున్నది, కంతుల మీద దొరికేది
వీపు నిమిరి మరీ చూపించినాడు
సంతలో ఎద్దును అమ్మేవాడి మాదిరి.

వేడి సంగతి నాకు ఒకరు చెప్పాలా?
ఇరవై మూడేండ్లుగా మల్లేశ్వరంలో
కానుగ చెట్టు కింద తోపుడు బండి,
ఆరు కిలోల ఇత్తడి ఇస్త్రీపెట్టె,
దాని కడుపులో కొబ్బరిచిప్పల బొగ్గు.
తడి వేలు తాకిస్తే అది చుయ్‌మనే తీరును బట్టి
పట్టుచీరకా, నూలు చొక్కాకా,
ఇంకో నిమిషం ఆగాలా, తెలిసిపోతుంది.
ఒక్కసారి తప్పినాను, స్కూలు పిల్ల గౌను మీద.
నూట నలభై కట్టినాను. ఇంకా గుర్తే.

చీటీలు పాడి పాడి కొన్న సైటు
హెసరఘట్ట రోడ్డు పక్కన, ఇరవై బై ముప్పై.
ఇల్లు గీసింది వత్సల,
నా దగ్గర ఖాదీ కుర్తాలు ఇస్త్రీకి వేసే ఆమె,
పెన్సిలు ముడిలో గుచ్చుకొని తిరుగుతుంది.
గోడకు బోలు ఇటుక పెట్టించింది,
కప్పు మీద మందంగా ఏదో పరిచి తెల్ల పెంకు వేయించింది,
కిటికీకి రెండు అద్దాలు, నడుమ ఊపిరంత గాలి.
మేస్త్రీ చెంగప్ప నవ్వినాడు,
"ఇది ఇల్లా, ఫ్లాస్కా అక్కా?"
తలుపుకు రబ్బరు అతికించిన రోజు మాత్రం
వాడే అగరొత్తి వెలిగించి
అంచు అంచునా తిప్పినాడు,
పొగ యాడ వంగుతాదో అని.

మొదటి డిసెంబరు.
ఓబులేశు అటక మీది కుంపటి దించినాడు.
పీణ్యలో రేకుల షెడ్డు, పదకొండు చలికాలాలు,
నలుగురం దాని చుట్టే పడుకున్నాం కదా.
నిప్పులు ఎర్రగా, ముద్దుగా ఉన్నాయి.
నీళ్ల ట్యాంకు సంగతి అడగడానికి వత్సలకు ఫోను చేసి
మాటల్లో మాటగా కుంపటి గురించి చెప్పినాను.
ఆమె గొంతు మారిపోయింది.
"బయట పెట్టండి. ఇప్పుడే. కిటికీలు తెరవండి."
కాసేపటికి, నెమ్మదిగా,
"ఆ షెడ్డుకు సందులుండబట్టి మీరు మిగిలినారు."

ఆ రాత్రి నాకు నిద్ర రాలే.
రేకుల మధ్య నేను కుక్కిన గుడ్డలు
ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.
చిరిగిన లుంగీలు, ఎవరూ అడగని దిండు గలీబులు,
చలిని తిట్టుకుంటూ గట్టిగా దూర్చినవి.
గుడ్డ చాలక వదిలేసిన సందు ఏదో
నా పిల్లల ముక్కులకు గాలి అందించింది.
ఏ మూలదో తెలీదు.
పోయి చూద్దామన్నా షెడ్డు లేదు,
ఆ చోట టైర్ల గోడౌను లేచింది.

వత్సల లెక్క వేరే.
మనిషికి ఎనభై వాట్లు, పొయ్యికి కొంత,
మధ్యాహ్నం ఎండ దక్షిణం కిటికీలోంచి ఊరికే ఇచ్చేది కొంత.
ఓబులేశుకు ఎనభై ఎక్కువే, అన్నాను,
ఆదివారమైతే నలభై కూడా రాడు.
ఆమె నవ్వు ఆపుకోలేక పోయింది.
చివరికి కొన్నది నాలుగు వందల వాట్ల పలక,
గోడకు అంటుకొని క్యాలెండరంత.
షోరూము కుర్రాడు బిల్లు రాస్తూ జాలిపడినాడు,
"సరిపోదమ్మా, మళ్లీ వస్తారు."

జనవరి వచ్చింది. బయట పదమూడు డిగ్రీలట.
పలక వారంలో రెండు సార్లు వెలిగింది,
అదీ చిన్నదానికి జ్వరమొచ్చినప్పుడు.
ఓబులేశు ఇంట్లో కూడా కోతి టోపీ తీయడు,
నుదుటి మీద చెమట తుడుచుకుంటూ
చలి చలి అంటాడు.

పడుకునే ముందు నేను లైటు ఆర్పి
వంటింటి పైన, కప్పు కింద,
గాలికని వదిలిన అరచేతంత కంతను చూస్తాను.
చన్నీళ్ల మాదిరి గాలి సన్నగా దిగుతా ఉంటుంది.
నా చేతిలో మసిగుడ్డ ఉంటుంది, ఎందుకుంటుందో.
దాన్ని మడిచి, ఇస్త్రీ చేసినంత నున్నగా మడిచి,
గట్టు మీద పెట్టి వచ్చేస్తాను.