అర అంగుళం

బట్టల బజార్ సందుల మా దుకాణం.
దేవుళ్లకు, పోయినోళ్లకు పటం కట్టుడే పని.
నడుస్తున్న మనుషులకు కట్టింది తక్కువ.

నిన్న ఓదెలు సారు గోనెపట్టాల చుట్టి తెచ్చిండు
మూడడుగుల కాన్వాసు.
వరంగల్ చౌరస్తా, పొద్దుగూకే యాళ్ల.
"టేకు రంగు పట్టీ వెయ్, అంతే" అని పోయిండు.

పొడిబట్టతోని దుమ్ము దులుపుకుంట చూసిన.
అచ్చం అట్లనే ఉంది.
ఎడమ అంచుకు, కొమ్ము ఊడి
'చెప్పలు' అయిన చెప్పుల అంగడి బోర్డు.
హన్మకొండ బస్సు కిటికీకి తల ఆనిచ్చి నిద్రవోతున్న పిల్ల.
సోడా బండి మీద నిమ్మకాయల గుట్టల
ఒక్కటి కుళ్లింది, అది గూడ ఇడువలే.

"ఫొటో లెక్కనే ఉంది గదనే" అన్నడు మా చేరాలు.
ఫొటో లెక్కుంటే ఫొటోనే తీసుకోవచ్చు గద.

నడిమిట్ల, ఎనుమాముల దిక్కు పోతున్న ట్రాలీ ఆటో
నిండ మిర్చి బస్తాలు. ఒకదానికి కుట్టు ఇడిసింది.
గంత మిర్చి పక్కపొంటి పోతుంటే
పోలీసాయన తుమ్ముతలేడు
సోడా ఆయన తుమ్ముతలేడు
బస్సుల పిల్ల కండ్లు తెరుస్తలేదు.
యాభై రెండేండ్లు ఈ ఊరి గాలి పీల్చిన ముక్కు నాది.
రంగుంది, ఘాటు లేదు అనుకొని
కొలతకు టేపు పెట్టిన.

అప్పుడు కనపడ్డది.
కుడి అంచుకు, మేకుల వరుస పక్కన
మున్సిపాలిటీ చీపురు చంకల వెట్టుకొని ఒకామె,
కొంగు ముక్కుకు అడ్డం
కండ్లు సగం మూసి
ఇగ తుమ్ముతది, అగ తుమ్ముతది.
సగం మనిషే. మిగిలిన సగం
మడతల వడి కట్టె ఎనుకకు పోయింది.

పట్టీ గాడి అర అంగుళం మింగుతది
ఏ పటానికైనా.
ఇన్నేండ్ల ఎవలెవల్ని మింగిచ్చిననో
ఎన్నడు లెక్కవెట్టలే.

సారుకు ఫోన్ చేసిన.
"ఆమెనా? అంచు ఖాళీగుంటే ఊకనే గీసిన
కప్పెయ్ రాదు."

ఊకనే గీసిండట.

మేకులు పీకిన. మడత ఇప్పి
ఆమె భుజాన్ని, చీపురును ముందటికి గుంజి
మళ్ల కొట్టిన.
ఎడమ దిక్కు రెండు వేళ్లంత పోయింది.
పోతె పోయింది గని
ఆ కొమ్ము ఊడిన అక్షరం మంచిగుండె.

సారు సాయంత్రం వస్తడు, ఏమంటడో.
చేరాలు పటాన్ని గోడకు ఆనిచ్చి
రెండడుగులు ఎనుకకు జరిగి చూసి
ముక్కు రుద్దుకున్నడు.