గద్దల బాకీ

కేసరపల్లి గోడకి ఇవతల నా కోళ్ళ కొట్టు.
ఇరవై ఏళ్ళుగా సాయంత్రం నాలుగింటికి
బకెట్టు తీసుకెళ్ళి కాలవగట్టున దిమ్మరించేదాన్ని,
పేగులూ తలకాయలూ ఈకలూ.
గద్దలకి నా చెప్పుల చప్పుడు తెలుసు.

విమానాల్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు.
అవొచ్చినప్పుడు కాటాలో అంకెలు గంతులేస్తాయి,
కొనేవాడు అనుమానంగా చూస్తాడు, అంతే.

మొన్న ఆషాఢంలో, బకెట్టు అప్పుడే బోర్లించాను,
చక్రాలు దించుకుని
కిటికీలు లెక్కపెట్టేంత కిందకొచ్చిన విమానం
ఒక్కసారిగా మూతి పైకెత్తింది.
గూట్లో కోళ్ళన్నీ ఒక మూలకి ముద్దయ్యాయి.
అది ఉంగుటూరు మీదుగా చుట్టు తిరిగి మళ్ళీ వచ్చేదాకా
ఖాళీ బకెట్టుతో గట్టు మీదే నిలబడ్డాను.

మర్నాడు జోజిబాబు వచ్చాడు,
రన్‌వే మీద టపాకాయలు కాల్చి పిట్టల్ని తోలే కుర్రాడు.
కాగితం తెచ్చాడు గానీ చదవలేదు.
జేబులోంచి ఒక ఈక తీసి కాటా పక్కన పెట్టాడు,
గోధుమరంగుది, మొదట్లో కమిలింది.
"ఖాసింబీ పిన్నీ, ఇది నీ దగ్గర భోంచేసిందే."
పోతూ పోతూ అరకేజీ కొట్టించుకున్నాడు, స్కిన్‌లెస్.
డబ్బులు వద్దన్నా వినలేదు.

ఇప్పుడు పెరట్లో గుంట తీసి, సున్నం చల్లి పూడుస్తున్నాను.
నడుం పట్టేస్తోంది.
గద్దలు మాత్రం నాలుగింటికి వస్తూనే ఉన్నాయి.
ఎదురింటి రేకుల మీద కూర్చుని
అప్పిచ్చినవాళ్ళలా నా గుమ్మంలోకి చూస్తాయి.
పోండే అంటాను. పోవు.
నిన్నటిదాకా పెట్టిన చెయ్యి కదా,
వాటి ముందు తలెత్తలేను.

పడమట మోత మొదలవగానే
బకెట్టు మూత మీద రెండు చేతులూ వేసి నొక్కుతాను,
చక్రాలు నేల తాకిన చప్పుడు వినేదాకా.