పద్నాలుగో నిమిషం

ఎనుమాముల యార్డుల, దడువాయి గదిల,
బల్ల మీది అద్దం కింద పన్నెండేండ్ల కాగితం
ఇంకా వర్తమానంలనే మాట్లాడుతది:
కనబడుటలేదు.
ముఖం వెలిసిపోయింది. ఎత్తు మిగిలింది, అయిదడుగుల నాలుగు.
చామనచాయ. కుడి భుజం మీద
బస్తాలు మోసి మోసి కట్టిన కాయ.
పేరు గజ్జెల ఓదేలు.

నేను స్క్రిప్టు రాసుకున్నది భూతకాలంల.
నయీంనగర్ గదిల ఫ్యాను ఆపి, రగ్గు ముసుగేసుకొని
మైకుకు దగ్గరగ, గొంతు తగ్గించి చదివిన:
"ఓదేలు అనే హమాలీ ఉండేవాడు."
మనిషి మాయమైన ముచ్చట చెప్పాలంటే
గొంతు తగ్గించాలని
నాకు ఎవరు నేర్పిండ్రో తెలువది.

అక్క కొమురమ్మ అక్కడనే ఆపింది.
"ఉండేటోడు అంటవేంది బిడ్డా?
ఉంటడు అను. ఏడనో ఉంటడు."

ఒక్క క్రియ మార్చిన.
ఉన్నడేమో, ఉంటడేమో, ఉండాలె అనే మొక్కేమో
అన్నీ పట్టినయి ఆ మూడక్షరాలల్ల.

ఠాణాల రైటరు ఫైలు ఇయ్యలే, చాయ్ ఇచ్చిండు.
"మొగోడు గదా మేడం, ఎటో పోయి ఉంటడు.
ఆడపిల్లయితే ఎతికేటోళ్లం."
బీరువా తలుపు సగం తెరిచి ఉంది.
ఆడపిల్లల ఫైళ్లు గూడ అండ్లనే ఉన్నయి,
తాడుతోని కట్టి.

దొరికినవి ఇవి:
సగం నంబరు గుర్తున్న ఒక లారీ.
పదకొండు దినాల కూలి బాకీపడ్డ ఒక మేస్త్రీ,
ఇప్పుడు రెండంతస్తుల ఇల్లు, గేటుకు సింహాలు.
ఆయన పేరు నేను పలుకొద్దన్నడు వకీలు.
కాబట్టి ఆయన పేరున్న కాడ
రికార్డుల ఒక చిన్న ఖాళీ ఉంటది.
వినేటోళ్లకు అది గాలి లెక్కనే వినపడుతది.

మిర్చి సీజన్. యార్డంత ఎర్రగ.
తేజ ఘాటుకు అందరు దగ్గుతరు,
ఆడ్తిదారు, ఆవు, నేను.
మొదటి భాగంల ఆ దగ్గులు అట్లనే ఉంచిన,
జాగ కండ్ల ముందు కనపడాలని.

కొమురమ్మ మనుమరాలి ఫోన్ల విన్నది.
నా మాటలు ఎట్లున్నయో చెప్పలే.
పదమూడో నిమిషంల వచ్చే ప్రకటన గురించి
"ఆ పరుపు ఎంతకిస్తరట?" అని అడిగింది.
ఇంత సేపు ఊకుండి,
"పద్నాలుగో నిమిషం కాడ దగ్గింది ఎవలు?"

రెండు పొడిగ. ఆగి, ఒకటి తడిగ.
"మా వోని దగ్గు. చిన్నప్పటిసంది గంతే."

మూడు దినాలు తిరిగిన.
చెవులకు హెడ్‌ఫోన్, చేతిల రికార్డర్,
ఒక్కొక్క మనిషి రొమ్ము దగ్గర నిలవడి.
నెక్కొండ దిక్కు తండా నుంచి వచ్చిన పిలగాడు, బానోతు హచ్చా.
దగ్గుమంటే నవ్విండు, రాలే.
బస్తా ఎత్తినంక వచ్చింది:
రెండు పొడిగ. ఆగి, ఒకటి తడిగ.
ఇరవై నాలుగేండ్లుంటయి.
ఓదేలు పోయిననాడు ఈ పిలగాడు
ఏ బస్తా మోయలే, బడికి పోతుండె.

రెండో భాగంల దగ్గులన్ని తీసేసిన.
మిషన్ల ఒక మీట ఉంటది, ఒత్తితే సాలు.
ఆ రాత్రే ఫోను చేసింది.
"నేను యార్డు ఊడ్చినట్టే ఊడ్చినవ్ గదనే.
నేనన్న తాలుకాయ ఏరి పక్కకు పెడుత."

మళ్ల పెట్టిన. ఏం సంజాయిషీ ఇయ్యకుంట.

మూడో భాగానికి వాక్యం ఒకటి రాసి పెట్టుకున్న:
అది హచ్చా దగ్గు.
చదవబోయే ముందు ప్రతిసారి ఫ్యాను ఆపుత,
రగ్గు కప్పుకుంట,
చెమట పట్టేదాక కూసుంట.

కరీమాబాద్‌ల ఇప్పుడు ఆమె
ఫోను చెవికి ఆనించుకొని, బొటనవేలుతోని
ఎనుకకు జరుపుతుంటది.
సరిగ్గ ఆపుడు రాదు, జర ఎక్కువనే పోతది.
అందుకే ప్రతిసారి మొదలు పరుపులాయన
హాయిగా నిద్రపొండి అంటడు.
ఆ తర్వాత దగ్గు.