పనస ముక్క

బేంకు గార్డు కూర్మారావు
సంతలో కొన్న పుంజును తెచ్చినట్టు
గోనెసంచిలో చుట్టి తెచ్చాడు తుపాకీని.
"రాజాంలో ఇద్దరు వడ్రంగులు నావల్ల కాదన్నారు.
బొబ్బిలెళ్ళు, గొల్లపల్లిలో వీణలు చెక్కీవోల్లకి
బొక్క కొలత తప్పదని సెప్పినారు."

ముందు ఖాళీ చేసి చూపించమన్నాను.
బోల్టు వెనక్కి లాగి చిటికెనవేలు లోపల పెట్టి చూపించాడు,
నాకోసారి, గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడకోసారి.
బేంకు ముద్రున్న కాయితం కూడా తీశాడు.
చెమటకి మడతల దగ్గర చిరిగిపోయింది.

మడమ కర్ర కాదు. నల్ల ప్లాస్టిక్కు.
అలవాటు కొద్దీ వేలి కణుపుతో తట్టాను.
పనస అయితే తిరిగి మాటాడుతుంది,
ముదురో లేతో, ఏ ఊరి చెట్టో కూడా ఒక్కోసారి.
ఇది డొక్కుమని ఊరుకుంది.

"పట్టీ ఇచ్చినారు, పట్టీకి కొక్కేలు మరిసిపోనారు.
రాసి పంపితే వొస్తాయన్నారు.
తొమ్మిది నెల్లయింది బాబూ,
ఒక సెయ్యి దీనికే రాసిచ్చీసినట్టుంది."
కొక్కేలు తనే కొనుక్కున్నాడు,
విశాఖపట్నం నుంచి, అగ్గిపెట్టెలో పెట్టుకుని.

మడమ కొసనున్న రబ్బరు విప్పితే
లోపల ఏమీ లేదు.
పిచిక గూడు పెట్టుకునేంత ఖాళీ.
మర ఎక్కించొచ్చు, రెండు రోజులుంటుంది,
మూడోరోజు పరుగెత్తితే ఊడి కాలిమీద పడుతుంది.
అందుకని కొట్టంలో మూల వెతికాను.
పోయినేడు బీట పడి పక్కన పెట్టిన వీణ దండి ఉంది.
దాన్నుంచి బొటనవేలంత ముక్క కోసి,
లోపలి వంపుకి సరిపడా చెక్కి,
జిగురు పూసి దూర్చాను.
"అదేటి?" అన్నాడు. పనస అన్నాను.
"తుపాకీలో పనసా!" అని నవ్వి,
మళ్ళీ ఎందుకో నవ్వు ఆపేశాడు.

జిగురు ఆరేదాకా టీలు తాగాం.
ఆయన సియాచిన్ గురించి చెప్తాడనుకున్నాను.
పలాసలో వాళ్ళ అక్క జీడిగింజలు ఒలిచి ఒలిచి
వేళ్ళ ముద్రలు చెరిగిపోయాయనీ
రేషను మిషను ఆమెను గుర్తుపట్టడం లేదనీ చెప్పాడు.

గుర్తు మీద టేపు అంటించి బరమా తిప్పాను.
మొదట నల్ల పీచు చుట్టలు చుట్టలుగా లేచింది,
ఊదితే పోదు, చేతికి అంటుకుంటుంది.
ఇంకాస్త దిగాక
పసుప్పచ్చ పొట్టు.
ఆ వాసన కొట్టగానే కూర్మారావు ముందుకు వంగాడు.
మెట్లు బిగించే మైనం మరకి రాసి
మెల్లగా తిప్పాను.
కర్ర పట్టుకుంది. చేతికి తెలుస్తుంది అది.

ముందు కొక్కేనికి గొట్టం విప్పాలి.
"మర కొన గొట్టానికి తగిలితే గురి సెడిపోద్ది," అన్నాడు.
తీగ మెట్టుకి రాసుకుంటే మాకూ అంతే,
అని మనసులో అనుకుని
ఆకురాయితో నూగింజంత అరగదీశాను.
కాయితం ముక్క మధ్యలోంచి జారి బయటికొచ్చింది.
సరే అన్నాడు.

ఎంతివ్వమన్నావని అడిగాడు.
వీణకైతే ధర తెలుసు, తంబూరాకీ తెలుసు.
దీనికి పుస్తకంలో పద్దు లేదు.
నూట ఇరవై అన్నాను, ఎందుకన్నానో తెలియదు.
మా గుంటడు లెక్కలో 'రిపేరు, నలుపు' అని రాశాడు.

బయట చినుకులు మొదలయ్యాయి.
పట్టీ భుజాన వేసుకుని రెండడుగులు నడిచి
ఆగాడు.
రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు,
ఎవరివో తెచ్చి తగిలించినట్టు.
తర్వాత ఒక చేత్తో గొడుగు విప్పి
రెండో చేత్తో మా ఆవిడ దగ్గర
వేయించిన పనసగింజలు గుప్పెడు తీసుకుని
ఒక్కోటే నోట్లో వేసుకుంటూ
బస్సు కోసం నడిచాడు.