బొటనవేలు

కుతాయిసిలో, రైలు వంతెన కింది ఫలహారశాలలో
ముప్పై ఏళ్లుగా ఖింకాలీలు చేస్తోంది లమారా.
లోపల మాంసం, పైన కజ్జికాయ అంచులా
మడత మీద మడత, పంతొమ్మిది.
ఆమె లెక్కపెట్టదు. వేలికే తెలుసు.

మంగళవారం డబ్బా రేకు కోసింది.
నాలుగు కుట్లు, లావుపాటి కట్టు.

ఆ సాయంత్రమే తాళంచెవి తిరగనంది.
కోటు గుండీ మొండికేసింది.
చిటికెడు ఉప్పు గుప్పెడైంది.
అగ్గిపుల్ల గీయడానికి
కింది వాటా కుర్రాణ్ణి పిలవాల్సొచ్చింది.
వెలిగించి, "ఇంకేమైనా?" అన్నాడు వాడు.
కోపమొచ్చింది,
ఎవరిమీదో తెలీలేదు.

పనిలో ఉల్లిపాయైనా తరగలేక
బల్ల దగ్గర ఊరికే కూర్చుని
పక్కామె చేతులకేసి చూస్తూ అంది:
"నీ బొటనవేలు అచ్చం
మెడలేని మనిషిలా ఉందే!"
పిండి చేతులతోనే అందరూ నవ్వారు,
ఎవరి వేలు వాళ్లు చూసుకుంటూ.

పదో రోజు కట్టు విప్పారు.
పాలిపోయి, ముడతలు పడి
అప్పుడే నీళ్లు పోసిన పసిబిడ్డలా ఉంది వేలు.
లమారా దానికేమీ చెప్పలేదు.
బస్సెక్కి, సంచిలోంచి
చిల్లర తీసింది,
ఒక్కో నాణెం,
వెనకవాళ్లు విసుక్కునేంత
మెల్లగా.